అమావాస్యనాడు ఆడిన మగ్గం

జీతం తీసుకుని మనుషుల్ని చూపించిన రోజులున్నాయి నాకు. సర్కసులో కాదు, మ్యూజియంలో.

1946లో బెజవాడ వన్ టౌన్‌లో, కాలువ గట్టు మీద ఒక పాత ధాన్యం గోడౌను ఉండేది. కొందరు పెద్దమనుషులు దాన్ని అద్దెకు తీసుకుని ‘కృష్ణా ప్రజల జీవన ప్రదర్శనశాల’ పెట్టారు. గాజు బీరువాల్లో పాత కత్తులూ నాణేలూ ఎవరైనా పెడతారు, మనం బతుకునే చూపిద్దాం అన్నది వాళ్ల ఆలోచన. లోపల వరసగా నాలుగు గుడిసెలు వేశారు. రైతు గుడిసెలో రైతు, జాలరి గుడిసెలో జాలరి, కుమ్మరి గుడిసెలో కుమ్మరి, నేతగాడి గుడిసెలో నేతగాడు. అందరూ నిజమైన వాళ్లే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటి దాకా వాళ్ల పని వాళ్లు చేసుకుంటూ ఉండాలి. టిక్కెట్టు కొన్నవాళ్లు తాడుకు ఇవతల నిలబడి చూస్తారు. గేటు బయట రిక్షావాళ్లు దాన్ని ‘ప్రాణమున్న బొమ్మల కొలువు’ అనేవాళ్లు. మా మేనేజరు వెంకటకృష్ణారావు గారికి ఆ మాట వినపడితే ఒళ్లు మండిపోయేది. నాకు మాత్రం అంతకన్నా సరైన పేరు దొరకదనిపించేది.

నా పని వెదురు పుల్ల పట్టుకుని ఒక్కొక్క గుడిసె ముందూ నిలబడి వివరం చెప్పడం. నా పేరు హన్నా. మాది గుణదల. టీచరు ట్రైనింగు అయ్యి, బడిలో పని దొరక్క ఇంట్లో కూర్చుంటే, ‘నోరున్న పిల్ల’ అని ఎవరో సిఫారసు చేశారు. మా తాత చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుట్టేవాడి గుడిసె మాత్రం ప్రదర్శనశాలలో లేదు. ఎందుకు పెట్టలేదండీ అని నేను అడగనూ లేదు. నోరు ఎంత ఉన్నా, నెల తిరిగేసరికి జీతం కావలసిన వాళ్లకు దాన్ని ఎక్కడ మూసుకోవాలో తెలుస్తుంది.

ఆ నేతగాడు పాండురంగయ్య గారు. పెడన ఆయనది. నలభై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, పొట్టి జుట్టు, నడిచేటప్పుడు కొంచెం ముందుకు వంగేవాడు. ఎనిమిదో ఏట తండ్రి పక్కన, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగాడట. అప్పటి నుంచి కాళ్లు గుంటలోనూ కళ్లు పోగుల మీదనూ పెట్టుకుని బతికినవాడు. మొదటి రోజు నేను బోర్డు మీద ‘సాలెవాడు’ అని రాస్తే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, మేం దేవాంగులమండీ. సాలెవాళ్లు వేరే. వాళ్లూ నేసేవాళ్లే గానీ, వేరే. ఆళ్లకీ కోపమొస్తది, మాకూ కోపమొస్తది.”

బోర్డు చెరిపి ‘నేతగాడు’ అని రాశాను. మేనేజరు గారు “ఏదైతేనేంలేమ్మా” అన్నారు.

చూడవచ్చిన వాళ్ల మొహాలు ఆయన చూసేవాడు కాదు, బట్టలు చూసేవాడు. జనం వెళ్లాక నాతో మెల్లగా చెప్పేవాడు. “ఆ కళ్లద్దాలాయన పంచె మా ఊరిదేనమ్మా. ఒక చివర అంచు వదులైంది. నేసినోడికి ఆ పూట ఒంట్లో బాగున్నట్టు లేదు.” ఎవరికీ తెలియని ఆ నేసినవాడి కోసం ఆయన నిజంగానే బాధపడేవాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ సంగతి తర్వాత మా కొంప ముంచింది.

ఇంతకీ అటువంటి మనిషి ఇక్కడికెందుకు వచ్చాడంటే, నూలు కోసం. యుద్ధం పేరుతో నూలు కంట్రోలులోకి వెళ్లింది. కార్డు ఉన్న మగ్గానికే నూలు. కార్డు మీద నేతగాడి పేరుంటుంది. ఆ పేరున్న మనిషి ఆ మగ్గం మీద నేస్తున్నాడా లేదా అని నూలు ఆఫీసు వాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి చూసిపోతారు. మగ్గం ఉండి మనిషి లేకపోతే కార్డు కొట్టేస్తారు. కార్డు పోయిన మగ్గానికి సావుకారు కూడా నూలివ్వడు. అంటే ఆ మనిషి ఇక నేతగాడు కాడు. పాండురంగయ్య గారి కార్డు మీద వచ్చే నూలు నెలలో పది రోజులకు సరిపోయేది, తక్కిన ఇరవై రోజులూ మగ్గం ఊరకే ఉండేది. అప్పుడు మా మేనేజరు గారు మంచి పనివాడి కోసం వెతుక్కుంటూ పెడన వెళ్లారు.

“ఏడాది ఉండు చాలు. జీతం, బియ్యం, చేతినిండా నూలు. మా ప్రెసిడెంటు గారు నూలు కమిటీలో ఉన్నారు. ఏడాది అయ్యేసరికి నీ కార్డు మీద రెండింతల నూలు వచ్చేట్టు చూస్తారు. నువ్విక్కడ ఉన్నన్నాళ్లూ కార్డు సంగతి కూడా ఆయనే చూసుకుంటారు” అన్నారట.

కార్డు బాగుపడుతుందన్న ఆశతోనే ఆయన వేలిముద్ర వేశాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. అమావాస్యనాడు నేతగాడు మగ్గం ముట్టడు, ఆ రోజు ఇంటికి వెళ్లనివ్వాలి. మేనేజరు గారు సరేనన్నారు.

ఇక్కడి మగ్గం చూసి ఆయన మొదటి రోజే డీలా పడ్డాడు. ఇంట్లో ఉన్నది తాడు లాగితే అడ్డపోగు మోసే నాడె దానంతటది పరుగెత్తే మగ్గం. ఇక్కడ పెట్టింది చేత్తో నాడె విసరాల్సిన తాతల నాటిది. పాతకాలం చూపించాలి కదా! గోడౌను గచ్చు పగలగొట్టి గుంట తవ్వారు. పక్కనే కాలువ, గుంటలో ఎప్పుడూ చెమ్మే. తొమ్మిదింటికి దిగితే మధ్యాహ్నం అన్నానికి తప్ప పైకి రాకూడదు. చూసేవాళ్లతో మాట్లాడకూడదు. కిటికీ ఒక్కటీ లేదు. సాయంత్రం పైకి వచ్చేసరికి పాదాలు తెల్లగా నానిపోయి ఉండేవి.

నెలకొకసారి అమావాస్యకు తెల్లవారే బండి ఎక్కి పెడన వెళ్లేవాడు. భార్య చౌడేశ్వరమ్మ తలంటు పోసి అన్నం పెట్టేది. మగ్గం తుడిచి, నూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. ఇంటికి వెళ్లే ఒక్క రోజూ మగ్గం ముట్టకూడని రోజు. ఆరు నెలల్లో సొంత మగ్గం మీద ఒక్క పోగు నెయ్యలేదు. ఒకసారి ఆ మాట నాతో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మేనేజరు గారికి నాటకాల పిచ్చి. జనం పలచబడుతున్నారని రోజూ నాలుగింటికి ఒక చిన్న రూపకం పెట్టించారు. ఒక్కో రోజు ఒక్కో గుడిసె. నేతగాడి గుడిసెకు కంపెనీ దొరల నాటి కథ. మేనేజరు గారే కోటూ టోపీ వేసుకుని దొరగా వస్తారు, నేతగాడు గుంటలోంచి లేచి మొర పెట్టుకుంటాడు. మాటలు రాయమని నాకు చెప్పారు. నాకు వందేళ్ల నాటి నేతగాడు ఎక్కడ దొరుకుతాడు? మధ్యాహ్నం అన్నాల దగ్గర పాండురంగయ్య గారు చెప్పుకునే మాటలే ఎత్తి రాశాను. ‘దొరవారూ, నూలు లేదు. మగ్గం ఆగింది. ఇంట్లో పొయ్యి ఆరింది. నేను నేతగాణ్ణి, నన్ను నేసుకోనివ్వండి.’ ఆయన ఆ మాటలు తల దించుకుని అప్పజెప్పేవాడు. నటన రాదు కనుక జనానికి మరీ నచ్చేది. రోజంతా మూసుకున్న నోరు అప్పుడొక్కసారే తెరవనిచ్చేవాళ్లు, అదీ నేను రాసిచ్చిన మాటలకే.

శ్రావణ బహుళంలో మద్రాసు నుంచి అతిథులు వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా అమావాస్యనాడు. పాండురంగయ్య గారు ముందురోజు సంచీ సర్దుకుని మేనేజరు గదికి వెళ్లాడు. నేనూ అక్కడే ఉన్నాను.

“రేపు కుదరదయ్యా. పెద్దవాళ్లొస్తున్నారు. ఎల్లుండి వెళ్లు.”

“రేపు అమావాస్య కదండీ. ఊరెళ్లకపోయినా సరే బాబూ, గుంటలోకి దిగను. మా ఇళ్లలో దిగరండీ.”

“అది మీ ఇంట్లో మగ్గానికయ్యా. ఇది మ్యూజియం మగ్గం. దీనికి తిథీ వారం ఏమిటి?”

“బాబూ, మరి నేను...”

“ఒప్పందం మీద వేలిముద్ర ఉంది. నువ్వు దిగకపోతే ప్రెసిడెంటు గారికి చెబుతాను. ఆ తర్వాత నీ కార్డు, నీ ఇష్టం.”

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మర్నాడు దిగాడు. దిగేముందు గుంట అంచు మీద చెయ్యి పెట్టి ఏదో గొణుక్కున్నాడు. ఆ రోజు చెయ్యి స్వాధీనంలో లేదు. పోగులు తెగుతూనే ఉన్నాయి, ముడులు వేస్తూనే ఉన్నాడు. ‘తెగిన పోగును నేతగాడు ఎంత ఓర్పుగా అతుకుతున్నాడో చూడండి’ అని నేను మద్రాసు వాళ్లకు పుల్లతో చూపించాను. వాళ్లు చాలా సంతోషించారు.

మూడో రోజు చౌడేశ్వరమ్మ వచ్చింది. గేటు దగ్గర వదలకపోతే టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వచ్చింది. తాడుకు ఇవతల నిలబడి, గుంటలో ఉన్న మొగుడితో మాట్లాడలేక, నా వంక తిరిగి చెప్పింది.

“అమ్మా, అమావాస్యనాడు నూలాఫీసు వాళ్లొచ్చారండీ. కొత్త ఇనస్పెక్టరు, అరవదేశం మనిషంట, ఆయనకి అమావాస్య సంగతి తెలీదు. ఈయనేమో వస్తాడు వస్తాడని చూస్తన్నా, రాలా. ఆళ్లు మా వీధిలోకి రావడం చూశాక నాకు కాళ్లాడలేదు. మగ్గం చప్పుడు లేకపోతే కార్డు కొట్టేస్తారేమోనని, తలుపు దగ్గరకేసి గుంటలోకి దిగా. నాడె ఆడించా.”

అంతవరకు చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తక్కినది మెల్లగా బయటకొచ్చింది. ఆ రోజు వీధి వీధంతా మగ్గాలు ఆగి ఉన్నాయి. పండగ పూట వీళ్లు పని చెయ్యరు, మళ్లీ వద్దాం అని ఇనస్పెక్టరు వెనక్కి తిరగబోయాడు. అప్పుడు ఒక్క ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. ఆయన వెంట ఉన్న గుమాస్తా ఈ ప్రాంతం వాడే. అతను నవ్వి, “అమావాస్యనాడు మగ్గం ఆడించే నేతగాడెవడండీ? అది దొంగ మగ్గం అయ్యుంటుంది” అన్నాడట. తలుపు తోశారు. గుంటలో ఆడమనిషి ఉంది. కార్డు మీద పేరున్న మనిషి లేడు. అక్కడికక్కడే కార్డు కొట్టేసి, ముద్ర వేసిన నోటీసు చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆవిడ ఊరకే కూర్చుని ఉంటే ఏమీ జరిగేది కాదు. వీధిలో అన్ని మగ్గాలతో పాటు అదీ ఆగి ఉండేది. భయం మనిషిని ఎంత తెలివితక్కువ పని చేయిస్తుందో!

పాండురంగయ్య గారు గుంటలోంచే అంతా విన్నాడు. లేవలేదు. “తప్పు నాదేలే చౌడమ్మా. అదే రోజు నేనూ ఇక్కడ దిగా. ఇద్దరం దిగాం” అన్నాడు.

అక్కణ్ణుంచి ఆయన తిరగని గుమ్మం లేదు, అదీ మధ్యాహ్నం అన్నం మానుకుని దొరికిన అరగంటలో. నూలు ఆఫీసు బెజవాడలోనే ఉంది. అక్కడి గుమాస్తా నోటీసు చూసి, మగ్గం మీద నువ్వు లేవు కదా అన్నాడు. మ్యూజియంలో మగ్గం మీదే ఉన్నానండీ, రోజంతా నేస్తూనే ఉన్నానండీ అన్నాడు ఈయన. “అది మగ్గమెట్లా అవుతుందయ్యా? ప్రదర్శన వస్తువు. దాని మీద కూర్చున్నవాడికి కార్డు రాయడానికి మా ఫారంలో గడే లేదు” అన్నాడట గుమాస్తా. ప్రెసిడెంటు గారి దర్శనం మాత్రం ఒక్కసారీ కాలేదు. ఇక మా మేనేజరు గారు. “కార్డు పోతే పోయిందిలేవయ్యా, ఇక్కడున్నన్నాళ్లూ నూలు మేమిస్తాంగా? ఏడాది అయ్యాక ఇంకో ఏడాదికి వేలిముద్ర వెయ్యి” అన్నారు.

ఆ మాట విన్నాక నాకు సంగతి అర్థమైంది. కార్డు కోసం వచ్చిన మనిషికి, వచ్చినందుకే కార్డు పోయింది. కార్డు లేదు కనుక బయటికి వెళితే నేతగాడు కాడు. నేతగాడిగా ఉండాలంటే ఆ గుంటలోనే ఉండాలి, జీవితాంతం.

దసరా ముందు ప్రదర్శనశాల మొదటి వార్షికోత్సవం. ముఖ్య అతిథి ఎవరంటే జిల్లా నూలు ఆఫీసరు గారే. అది తెలిసిన రోజున నేను ఎగిరి గంతేశాను. ఆ ఉపాయం నాదే, ఎవరి మీదా నెట్టను.

“పాండురంగయ్య గారూ, నాలుగింటికి మీరు మాట్లాడొచ్చు కదా. అప్పుడు మిమ్మల్ని ఆపేవాళ్లుండరు. మేనేజరు గారి వైపు తిరగొద్దు. ఎదురుగా కూర్చున్న ఆఫీసరు గారితోనే చెప్పండి. మీ పేరు, ఊరు, కార్డు, అన్నీ.”

“ఆయన వింటాడంటారా అమ్మా?”

“వినక ఏం చేస్తాడండీ? ఎదురుగానే ఉంటాడుగా!”

ఆ రోజు కుర్చీలన్నీ నిండాయి. నాలుగింటికి గంట కొట్టారు. మేనేజరు గారు కోటూ టోపీతో వచ్చి మీసం దువ్వుకున్నారు. పాండురంగయ్య గారు గుంటలోంచి లేచాడు. దొర వైపు చూడలేదు. తాడు దాటి, తడి కాళ్లతో నేరుగా ఆఫీసరు గారి కుర్చీ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

“బాబూ, నూలు లేదండీ. మగ్గం ఆగిపోయిందండీ. నా పేరు పాండురంగయ్య. మాది పెడన. అమావాస్యనాడు మా ఆడమనిషి భయపడి మగ్గం ఆడించిందని మీ వాళ్లు నా కార్డు కొట్టేశారండీ. నేను నేతగాణ్ణి బాబూ. ఎనిమిదో ఏట నుంచీ నేస్తన్నా. నన్ను నేసుకోనివ్వండి.”

రెండు చేతులూ జోడించి అలాగే నేల మీద కూలబడ్డాడు.

హాలంతా చప్పట్లు. ముందు ఆఫీసరు గారే కొట్టారు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా, నేను చూశాను. “బ్రహ్మాండం! కంపెనీ కథలోకి కంట్రోలు కార్డు తెచ్చి కలిపారే! ఎంత సహజంగా చేశాడండీ!” అని మేనేజరు గారి వైపు తిరిగారు.

“నాటకం కాదు బాబూ, నిజమండీ” అన్నాడు పాండురంగయ్య గారు కింద నుంచి. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

“మాటలు ఎవరు రాశారు?” అని అడిగారు ఆఫీసరు గారు.

“మా హన్నా రాసిందండీ, ఈ అమ్మాయే” అని మేనేజరు గారు నన్ను ముందుకు పిలిచారు. టోపీ కింద ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి. ఆ చూపుకు అర్థం తెలియనంత చిన్నదాన్ని కాదు.

“నువ్వేనామ్మా రాసింది?”

పాండురంగయ్య గారు తలెత్తి నా వంక చూశాడు. ఆయన మొహంలో దిగులు పోయింది, హమ్మయ్య అనుకున్నాడు, నేను చెబుతానని. ‘రాసింది కాదండీ, ఈయన బతుకండీ’ అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అవి నా నాలుక మీదకు వచ్చాయి కూడా. ఇంట్లో అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, నా జీతం, ఇవన్నీ కూడా అదే నాలుక మీదకు వచ్చాయి.

“అవునండీ” అన్నాను.

ఇన్నేళ్లయినా ఆ ఒక్క మాట తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆఫీసరు గారు నన్ను మెచ్చుకుని వెళ్లిపోయారు. పాండురంగయ్య గారు నన్ను ఒక్క మాటా అనలేదు. మర్నాడు నేనే ఏడిస్తే, “మీరేం చేస్తారమ్మా, మీదీ ఉద్యోగమే కదా” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసరుకు ఉత్తరం రాద్దామని నేను రెండుసార్లు కాగితం తీసి రెండుసార్లూ మడిచి పెట్టేశాను. ఈలోగా పన్నెండో రోజున ఒక కవరు వచ్చింది. మధ్యాహ్నం అన్నం వేళ పాండురంగయ్య గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరకు పరుగున వచ్చాడు. ఆయనకు చదువు రాదు గానీ ఆ ముద్ర తెలుసు. కార్డు కొట్టేసిన నోటీసు మీద ఉన్న ముద్రే.

“విన్నాడమ్మా, ఆయన విన్నాడు! పేరు పెట్టి నాకే పంపించాడు. కార్డే ఇది. పెడన వెళ్లే కుర్రాడితో కబురు కూడా పంపించేశా, మగ్గానికి నూనె రాసి ఉంచమని.”

చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, నా ఎదురుగా కింద కూర్చున్నాడు. నేను కవరు చింపాను. టైపు కొట్టిన కాగితం, కింద ఆఫీసరు గారి సంతకం. ఈసారైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలని చదివాను.

“‘నేతపనివారి దీనస్థితిని అత్యంత సహజముగా అభినయించి ప్రేక్షకులను రంజింపజేసిన నటుడు శ్రీ పాండురంగయ్య గారికి అభినందనలు. ఇట్టి నటుడు మన జిల్లాలో ఉండుట ఎంతయు గర్వకారణము.’”

“తర్వాత?”

“అంతేనండీ.”

“కార్డు సంగతి?”

“లేదండీ.”

“నా పేరు పక్కన నేతగాడు అని ఉందా అమ్మా?”

“లేదండీ. నటుడు అని ఉంది.”

కాగితం తీసుకుని ముద్ర మీద వేలు పెట్టి కాసేపు చూశాడు. ఈలోగా మేనేజరు గారు వచ్చి దాన్ని అందుకుని, చదివి, ఆయన భుజం తట్టి, అద్దం కట్టించి గుడిసెకు తగిలిద్దామని పట్టుకుపోయారు. పోతూ పోతూ నాకు ఒక పని చెప్పారు. పాండురంగయ్య గారు అదంతా విననట్టే కూర్చున్నాడు. కాసేపటికి లేచి గుంట దగ్గరకు వెళ్లి, అంచు మీద కూర్చుని, ఒక కాలు లోపలికి దించి, నా వైపు తిరిగాడు.

“అమ్మా, ఇవాళ నాలుగింటికి ఏది చెప్పమంటారు? పాతదా, మొన్నటిదా?”

ఇకనుంచి రోజూ నేతగాడి కథే, అదీ మొన్నటిదే చెప్పాలని మేనేజరు గారు అన్నారని చెప్పాను.